ఒకే పాఠము, పలు మెట్లు

(మన సంఘ సమావేశమున ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య చాలదని మనమందరము చింతించుచున్నాము. చేరిన పిల్లలు ఏల నిలువకున్నారో ఆలోచించుట అంతకంటె ముఖ్యము. ఒక తరగతిలో ముగ్గురు పిల్లలున్నారనుకొందము. ఒకడు ఇంట తెలుగు మాటలాడును గాని అక్షర మెరుగడు. ఇంకొక బాలిక తెలుగు అర్థము చేసికొనును. బదులు మాత్రము తమిళముననో కన్నడముననో చెప్పును. మూడవవాడు తాతగారి వద్ద నేర్చి కథలు చదువగలడు. మువ్వురికిని ఒకే పుటను ఒకే వేగమున చెప్పినచో మొదటివాడు భయపడును, బాలిక మౌనము వహించును, మూడవవాడు విసుగుచెందును. తుదకు మువ్వురును తెలుగునకు దూరమగుదురు.

కావున గమ్యమును ఒక్కటిగా నుంచి, దాని కెక్కు మెట్లను వేరుచేయవలెను. ఇది దయతో చేయు పని కాదు, ధర్మము. ప్రతి శిశువు నేర్చుకొను శక్తిని గుర్తించి, అవసరమైనచో అదనపు బోధన చేయుట ఉపాధ్యాయుని విధి యని 2009 నాటి విద్యాహక్కు చట్టము 24వ సెక్షను చెప్పుచున్నది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు నిర్దేశించినది. వసతులను ప్రభుత్వమును కోరుదము. మెట్లను మాత్రము మనమే కట్టుకొనవలెను.

మొదటి మెట్టు ఎచ్చట నుండవలెను? బిడ్డ ఎరిగిన చోట నుండవలెను. తమిళ లిపిని ముందుగా నేర్చిన బిడ్డకు క, గ లకు ఒకే అక్షరము. ప, బ లకును అంతే. ఆ బిడ్డ 'బాట'ను 'పాట' యని వ్రాసినచో అది మందబుద్ధి కాదు, చేతికి ముందుగా నబ్బిన అలవాటు. ఇట్టి జంట మాటలను ముందు చెవికి వినిపించి, పిదప వ్రాయింపవలెను. ఒడియా నేర్చిన బిడ్డకు ఖ, ఘ లు క్రొత్తవి కావు. కాని ఆ లిపిలో ఎ, ఏ లకు వేరు వేరు అక్షరములు లేవు. 'నెల', 'నేల' అను మాటల భేదమే అచటి తొలి పాఠము కావలెను. కన్నడము నేర్చిన బిడ్డకు మన అక్షరములు చాలవరకు పరిచితములే. వానిని అక్షరమాల వద్ద నెలల కొలది నిలుపుట కాలహరణము. కన్నడపు 'హాలు', 'హులి' తెలుగున 'పాలు', 'పులి' యగుట చూపినచో, తెలిసిన భాషయే సోపానమగును.

ఇది క్రొత్త మార్గము కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరలకు చదువు చెప్పుటకై ముందు తామే సవర భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. 1936 నుండి ఒడిశాలో నున్న ఆ పట్టణము మన ఉపాధ్యాయులకు నేటికిని మార్గదర్శకము.

ఒక్క ఉపాధ్యాయుడు ఇన్ని విధముల ఎట్లు చెప్పగలడని అడుగవచ్చును. 40 నిమిషముల తరగతిని మూడు భాగములు చేయుడు. మొదటి 10 నిమిషములు అందరికిని ఒకే కథను నోట చెప్పవలెను. తరువాతి 20 నిమిషములు పిల్లలను జట్లుగా కూర్చుండబెట్టవలెను. ఒక జట్టు కథలోని ఐదు మాటలు వ్రాయును. ఒక జట్టు కథను తెలుగున తిరిగి చెప్పును. ఒక జట్టు కథకు వేరు ముగింపు వ్రాయును. తుది 10 నిమిషములు అందరును కలిసి ఎవరి పనిని వారు వినిపింతురు. ఈ జట్లు శాశ్వతములు కారాదు. మాటలో ముందున్నవాడు వ్రాతలో వెనుకబడియుండవచ్చును గాన నెలకొకమారు మార్చుచుండవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. తరతరములుగా మన యిండ్లలో నిలిచిన తెలుగును, పొరుగు మాటలు కలిసినవని పరిహసింపకుడు. ఇంటి మాట ఇది, పుస్తకపు మాట ఇది యని రెండును నేర్పుడు. మీ బిడ్డను పొరుగు బిడ్డతో పోల్చకుడు. మొన్నటి నెలలో తానెట్లుండెనో దానితో పోల్చుడు.

వచ్చు వారమున ప్రతి ఉపాధ్యాయుడును ఒక్కొక్క బిడ్డచే ఐదు నిమిషములు మాటలాడించి, చదివించి, ఆ బిడ్డ ఏ మెట్టున నున్నదో ఒక పుస్తకమున వ్రాసికొనవలెనని కోరుచున్నాను. "తెలుగు నాకు రాదు" అని ఏ బిడ్డయు మన తరగతి విడిచి పోకుండుటకు అదియే మొదటి పని.