కరావోకేలో పెద్ద పాటలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడే ఈ వేదిక మీద పాటల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. యోకొహామాలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు ఉండి వచ్చాను కనుక, అక్కడి పెద్దవాళ్ళ ముచ్చట్లు నాలుగు చెప్పమన్నారు. నాకు జపాను భాష రాదు. పాటల అర్థాలు మా అమ్మాయి విడమరచి చెప్పినవే.

'కరా' అంటే ఖాళీ. 'ఓకే' అనేది ఆర్కెస్ట్రా అనే మాటకు వాళ్ళు చేసుకున్న పొట్టి రూపం. వాద్యగాళ్ళు ఎదుట లేకుండా వినిపించే వాద్య సంగీతం అన్నమాట. 1971లో కోబె నగరంలో ఇనొయే దైసుకె అనే వాద్యకారుడు, నాణెం వేస్తే సంగీతం వినిపించే యంత్రాన్ని తయారు చేయించాడు. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. అంతకు ముందే, 1967లో, నెగిషి షిగెయిచి అనే ఆయన కూడా ఇటువంటి పెట్టెను చేశాడు. ఇప్పుడు ఆ దేశంలో చిన్న చిన్న గదులు అరగంట లెక్కన అద్దెకు దొరుకుతాయి. పగటిపూట అద్దె తక్కువ. అందుకే మధ్యాహ్నం వేళ పెద్దవాళ్ళు నలుగురైదుగురు కలిసి వెళ్తారు. తెర మీద సాహిత్యం కనిపిస్తుంది, పాడవలసిన అక్షరాలు రంగు మారుతూ ఉంటాయి. శ్రుతి ఎక్కువనిపిస్తే తగ్గించుకునే మీట ఉంది. పాటను మధ్యలో ఆపేసే మీట కూడా ఉంది.

వంతులవారీగా పాడుకోవడం అక్కడి మర్యాద. మామూలు పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద పాట ఎంచుకుంటే మిగిలినవాళ్ళ వంతు అంత వెనక్కి పోతుంది. అందుకని పెద్ద పాట పాడేవాడు, పెట్టేముందు అందరి వంకా ఒకసారి చూస్తాడు. వాళ్ళు తలలు ఊపితేనే పాట మొదలు.

అటువంటి పాటలు మూడింటి గురించి చెబుతాను.

మొదటిది 'తవారబొషి గెంబా'. మినామి హారువో అనే గాయకుడు 1964లో ఇచ్చిన పాట. నిడివి ఎనిమిది నిమిషాల పైమాటే. ఈయన 1923లో పుట్టాడు. చిన్నతనంలో రోక్యొకు అనే కథాగాన విద్య నేర్చాడు. షామిసెన్ వాద్యం పక్కన మోగుతూండగా ఒకే మనిషి కథ పాడుతూ, మధ్యలో మాటలు చెబుతూ, పాత్రలన్నీ తానే అయి నడిపించే కళ అది. మన హరికథ విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. యుద్ధం ముగిశాక ఈయన నాలుగేళ్ళు సైబీరియాలో బందీగా ఉన్నాడు. 1957లో సినిమా పాటల వంటి జనరంజకమైన పాటల్లోకి వచ్చి, తాను నేర్చిన కథాగానాన్ని వాటిలో కలిపాడు. ఈయన 2001లో పోయాడు.

గెంబా కథ ఇది. నలభై ఏడుగురు సమురాయిలు తమ ప్రభువు చావుకు కారకుడైనవాడి మీద పగ తీర్చుకున్న ఉదంతం జపానులో పిల్లవాడికి కూడా తెలుసు. అది 1703 జనవరి చివర జరిగింది. గెంబా మాత్రం కల్పిత పాత్ర, ఈటె యుద్ధంలో గురువు. రాత్రిపూట సేమ్యా వంటి సోబా అమ్ముకునే ఒక మనిషితో ఆయనకు స్నేహం. మంచు కురిసిన రాత్రి యుద్ధభేరి వినబడగానే ఈటె పట్టుకుని పరుగెత్తుతాడు. అక్కడ చూస్తే ఆ సోబా అమ్మేవాడు ఆ నలభై ఏడుగురిలో ఒకడు! సాయం వద్దని నాయకుడు అంటే, గెంబా వంతెన దగ్గర కాపలా నిలబడతాడు. పాట, సంభాషణ, మళ్ళీ పాట. మాటల భాగం ఎక్కువ కనుక గొంతుకు మధ్య మధ్య విశ్రాంతి దొరుకుతుంది. అరవై దాటినవాళ్ళు ధైర్యంగా ఎంచుకోవడానికి అదొక కారణం.

రెండవది 'రైలు పాట'. 1900లో వెలువడింది. రచన ఓవదా తకెకి. మొదటి భాగం టోక్యోలోని షింబషిలో బండెక్కి కోబె దాకా వెళ్తుంది. దానికే 66 చరణాలు. అయిదు భాగాలూ కలిపితే 334. దారిలో వచ్చే ఊళ్ళు, కొండలు, గుళ్ళు, పాత కథలు ఒక్కొక్క చరణంలో వస్తాయి. వరస కూడా తేలిక. ఒక్కడే అన్నీ పాడనక్కరలేదు. మైకు చేతులు మారుతుంటే, తమ ఊరి చరణం వచ్చినప్పుడు ఆ ఊరివాళ్ళు అందుకుంటారు.

మూడవది సదా మసాషి పాట. పేరుకు అర్థం 'నాన్న జీవితంలో అతి దీర్ఘమైన రోజు'. 1979లో రికార్డుగా వచ్చింది. నిడివి పన్నెండున్నర నిమిషాలు. మామూలు చిన్న రికార్డులో పట్టక పెద్ద రికార్డుగా వేశారు. అయినా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. కథ చెప్పేవాడు అన్నయ్య. చెల్లెలు పుట్టిన నాటి నుంచి, చదువు, ఎదుగుదల, చివరకు పెళ్ళి. పిల్లను అడగడానికి వచ్చిన కుర్రాడితో తండ్రి, పిల్లనిస్తాను గాని బదులుగా నిన్ను ఒక్క దెబ్బ కొట్టనివ్వమంటాడు. ఆడపిల్లను అత్తవారింటికి పంపినవారికి ఆ మాట వెనుక ఉన్నదేమిటో తెలుసు.

మా అమ్మాయి వాళ్ళ వీధిలో సిటీ బస్సు నడిపి రిటైరైన ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ గెంబా పాటే పాడతాడు. "ఇంట్లో వారం మొత్తంలో ఎనిమిది నిమిషాలు మాట్లాడరు, ఇక్కడ మాత్రం చూడండి" అని ఆయన భార్య నవ్వుతుంది. ఆయనకు ఒక్కతే కూతురు, పెళ్ళయి పరాయి దేశంలో ఉంది. సదా పాట ఆయనకు పూర్తిగా వచ్చునట, కానీ ఎవరడిగినా పాడడట. ఒకరోజు మా తండ్రీ కూతుళ్ళను చూసి, ఏమనుకున్నాడో, ఆ పాట పెట్టమన్నాడు.

చక్కగా పాడుకొచ్చాడు. పెళ్ళికొడుకు వచ్చే చోట గొంతు పెగల్లేదు. యంత్రం ఆగదు కదా, తెర మీద అక్షరాలు రంగు మారుతూనే ఉన్నాయి. పక్కనున్న పెద్దమనిషి నెమ్మదిగా అందుకున్నాడు, తర్వాత ఇంకొకరు, తర్వాత ఆయన భార్య. ఆపే మీట బల్ల మీదే ఉంది, ఎవరూ దాని జోలికి పోలేదు. చివరి చరణానికి ఆయన మళ్ళీ వచ్చి కలిశాడు. పాట ముగిశాక ఎవరూ ఏమీ అడగలేదు. టీ పోసి ఇచ్చారు.

పెద్ద పాటలో ఉన్న సుఖం నాకు అక్కడ బోధపడింది. పన్నెండు నిమిషాల సేపు నలుగురు మన మాట వినడానికి కూర్చోవడం ఈ వయసులో తేలికగా దొరికేది కాదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మన మాట వినేవాళ్ళు ఉన్నారు, అది మన కుర్చీ బలం. ఇప్పుడు ఇంట్లో రెండో వాక్యానికే టీవీ శబ్దం పెరుగుతుంది. పిల్లల తప్పు కాదు, వాళ్ళ తొందర వాళ్ళది. అలా అని మనం నోరు కట్టేసుకుంటే, మనలో ఉన్న కథ మనతోనే పోతుంది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. నెలనెలా జరిగే సమావేశంలో బిల్లుల సంగతి అయ్యాక ఒక పదిహేను నిమిషాలు ఒక సభ్యుడికో, సభ్యురాలికో కేటాయించండి. హరికథలో ఒక ఘట్టమే పాడతారో, నాటక పద్యాలే పాడతారో, తమ ఊరి సంగతే చెబుతారో వారిష్టం. యంత్రం అక్కరలేదు. గొంతు బాగుందా లేదా అన్న లెక్క వద్దు. మధ్యలో ఎవరైనా తడబడితే పక్కవారు అందుకోవాలి. గడియారం చూడకూడదు. ఈ మూడూ పాటిస్తే చాలు. ఇంట్లోనే ఉండిపోతున్న మన మిత్రులు కొందరు దీనికోసమైనా బయటికి వస్తారని నా ఆశ.