టెండరు వేసే ముందు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధగా వింటాం. కాని ఏడాది పొడుగునా మన మేస్త్రీల ఆదాయవ్యయాలను నిర్ణయించే టెండరు కాగితాన్ని చివరిదాకా చదివేవారు తక్కువ. మేము రైల్వే గుమాస్తాలం, ఇంజనీర్లం కాము. మెట్రిక్యులేషనుతో చదువు ఆగినవారం. అయినా ఆ కాగితాలు రోజూ మా చేతిమీదుగా పోతాయి గనుక నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మనవారిలో కూలీగా మొదలై, మేస్త్రీ అయి, చిన్న కాంట్రాక్టరైనవారు ఎందరో ఉన్నారు. పనితనంలో ఎవరికీ తీసిపోరు. అయితే, పక్కవాడు వేసిన రేటుకంటె రూపాయి తగ్గిస్తే పని మనదే అనుకొంటారు. ఆ రూపాయికి ఏమేమి చేసి ఇవ్వాలో స్పెసిఫికేషనులో ఉంటుంది. అది చదవకుండా వేసిన రేటు చీకట్లో వేసిన అడుగే.

ఒక లెక్క చూడండి. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గొయ్యి తవ్వాలి. గొయ్యి కొలత 100 ఘనపు మీటర్లు. బిల్లు వచ్చేది దానికే. తవ్వి పోసిన మట్టి గుల్లబారి సుమారు 125 అవుతుంది. లారీవాడు అడిగేది ఈ 125కి బాడుగ. సాధారణంగా తవ్వకం రేటులో 50 మీటర్ల దూరం మోత, 1.5 మీటర్ల ఎత్తు మాత్రమే కలిసి ఉంటాయి. మిగిలిన అర మీటరుకు వేరే పద్దు ఉన్నదా, లేక అంతా ఒకే రేటులో ఇమిడ్చారా? ఈ సంగతి టెండరు వేసేముందే చూసుకోవాలి.

కొలిచే పద్ధతికీ ఐ.ఎస్. 1200 అనే ప్రమాణం ఉన్నది. గోడ పూతలో అర చదరపు మీటరు దాటని రంధ్రాలకు కొలత తగ్గించరు. తెలిసినవాడికి ఇది న్యాయంగా వచ్చే సొమ్ము.

తరువాత షరతులు. నీరు, కరెంటు ఎవరివి? గడువు మీరితే జరిమానా ఎంత? బిల్లులో పట్టి ఉంచిన జామీను సొమ్ము ఎప్పుడు తిరిగి వస్తుంది? అంతదాకా కూలీలకు వారం వారం ఇచ్చే డబ్బు ఎక్కడిది? చాలా ఇళ్లలో అది ఇల్లాలి మెడలోని బంగారమే. అందుకే ఈ లెక్క ఆడవారికీ తెలియాలి.

“తరువాత చూద్దాంలే” అని ఎవరో నోటితో అన్నమాట కొలతల పుస్తకంలోకి ఎక్కదు. అనుమానముంటే గడువులోగా వ్రాతమూలకంగా అడగండి. జవాబునూ వ్రాతలోనే పుచ్చుకోండి.

ఇప్పుడు రైల్వే టెండర్లు ఐ.ఆర్.ఇ.పి.ఎస్. వెబ్‌సైటులో వస్తున్నాయి. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని భయపడవద్దు. ఇంట్లో చదువుకొనే అబ్బాయో అమ్మాయో ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని, పద్దు పద్దుకీ తెలుగులో చెప్పించుకోండి. రేటు ఆ తరువాత వేయండి. గిట్టకపోతే వదులుకోండి. పని పోయినా ఇల్లు నిలుస్తుంది.