ఫిజిక్సు నుంచి జీవకణం దాకా
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యా విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు అవసరమని ఈ సభలో మళ్ళీ చెప్పనక్కరలేదు. పిల్లల ఫీజుల కోసం మీరు పడే పాట్లే ఆ మాట చెబుతున్నాయి. నేను చెప్పదలచుకున్నది వేరు. ఒక సబ్జెక్టు చదివినవాడు జన్మంతా దానికే కట్టుబడి ఉండాలా? మధ్యలో దారి మార్చుకుంటే అప్పటిదాకా చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా? మన ఇళ్ళలో ఈ ప్రశ్న ప్రతి వేసవిలోనూ వస్తుంది. ఫిజిక్సు చదివిన అమ్మాయి బయాలజీ వైపు వెళ్తానంటే "ఇన్నేళ్ళూ మరి ఏం చదివినట్టు?" అని అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక శాస్త్రజ్ఞుని జీవితం మీ ముందు పెడతాను.

ఆయన పేరు వాల్టర్ గిల్బర్టు. 1932లో అమెరికాలోని బోస్టన్‌లో జన్మించారు. హార్వర్డులో చదివి, పై చదువుకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళారు. అక్కడ ఆయన పరిశోధనకు గురువు ఎవరనుకున్నారు? ప్రొఫెసర్ అబ్దుస్ సలాం. ఝంగ్ పట్టణంలో పెరిగి, లాహోరులో చదివిన సలాంగారు 1946లో స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి చేరారు. యుద్ధం కోసం పోగుచేసిన నిధి మిగిలిపోతే, దానితో చిన్న రైతుల పిల్లలకు ఏర్పాటు చేసిన స్కాలర్‌షిప్పు అది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర మళ్ళీ పని పడుతుంది.

సలాంగారి వద్ద గిల్బర్టు చేసినది పూర్తిగా కాగితం మీది పని. అణువుకన్నా ఎంతో సూక్ష్మమైన కణాలు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు ఏమవుతుందో గణితంతో కట్టే లెక్క. 1957లో డాక్టరేటు వచ్చింది. హార్వర్డుకు తిరిగి వెళ్ళి, జూలియన్ ష్వింగర్ అంతటి మహామేధావికి ఒక ఏడాది సహాయకుడిగా పనిచేశారు. 1959లో ఫిజిక్సు అసిస్టెంటు ప్రొఫెసరయ్యారు. మన లెక్కలో "సెటిలైపోయాడు" అన్నమాట.

1960 వేసవిలో ఆయన స్నేహితుడు జేమ్స్ వాట్సన్ ఒక ప్రయోగం గురించి చెప్పారు. డి.ఎన్.ఏ. ఆకృతిని కనుగొన్న ఇద్దరిలో ఒకరైన వాట్సనే. జీవకణంలో డి.ఎన్.ఏ. ఒక గ్రంథం వంటిది, ప్రోటీన్లు తయారయ్యే కార్ఖానా వేరు. గ్రంథంలోని మాటను కార్ఖానాకు మోసుకుపోయే వార్తాహరుడు ఎవరు? ఇదీ ప్రశ్న. గిల్బర్టు ఆ వేసవికి అందులో చేరారు. ఆ వార్తాహరుడే మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. 1961లో ఆ ఫలితం ప్రచురించిన బృందంలో ఈ ఫిజిక్సు మేష్టారి పేరు కూడా ఉంది. ఇటీవల కోవిడ్ టీకాలలో మనం విన్న ఎం.ఆర్.ఎన్.ఏ. అదేనండి.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆయన ఒక్కరోజులో గోడ దూకలేదు. ఫిజిక్సు ఉద్యోగం అలాగే ఉంది. ఆ గదిలో ప్రొఫెసరు, ఈ గదిలో ఓనమాలు దిద్దుకునే విద్యార్థి. 1964లో జీవ భౌతిక శాస్త్రానికీ, 1968లో జీవ రసాయన శాస్త్రానికీ ఆయన పదవి మారింది. అంటే పని ముందు మారింది, బోర్డు మీద పేరు తర్వాత మారింది. మనవాళ్ళు బోర్డు ముందు మారాలంటారు!

మరి చదివిన ఫిజిక్సు ఏమైంది? చెబుతాను. మన పేగుల్లో ఉండే ఒక బాక్టీరియా పాలచక్కెర దొరికినప్పుడే దాన్ని జీర్ణం చేసుకునే సరుకు తయారుచేస్తుంది. దొరకనప్పుడు ఆ జన్యువుకు తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం ఎలాంటి పదార్థమో ఎవరూ చూడలేదు. ఒక్కొక్క కణంలో అది ఏ పదో ఉంటుంది, అంత అరుదు. గిల్బర్టు, బెన్నో ముల్లర్-హిల్ కలిసి పాలచక్కెరను పోలిన పదార్థానికి రేడియో ధార్మిక గుర్తు పెట్టారు. కణసారాన్ని సన్నని పొర సంచిలో పోసి ఆ ద్రావణంలో ఉంచారు. సంచిలో తాళం ఉంటే ఆ గుర్తు బయటకన్నా లోపల కాస్త ఎక్కువ కనబడాలి. ఆ 'కాస్త'ను నమ్మి, కొలిచి, పెంచి, 1966లో తాళాన్ని పట్టుకున్నారు. చిన్న తేడాను నిర్లక్ష్యం చేయకపోవడం, కొలతను నమ్మడం ఫిజిక్సు నేర్పిన క్రమశిక్షణే కదా.

తర్వాత ఆ తాళం డి.ఎన్.ఏ. మీద కూర్చునే చోటు ఏమిటో చదవాలనుకున్నారు. డి.ఎన్.ఏ. భాషకు అక్షరాలు నాలుగే. ఆ చోట ఉన్నవి 24 అక్షరాలు. వాటిని చదవడానికి గిల్బర్టు, అలన్ మాక్సమ్‌లకు దాదాపు రెండేళ్ళు పట్టింది. 1973లో ప్రచురించారు. నెలకొక అక్షరం! ఈ వేగంతో మనిషి గ్రంథం చదవాలంటే కోట్ల ఏళ్ళు కావాలి. అందుకని 1977లో కొత్త పద్ధతి తెచ్చారు. డి.ఎన్.ఏ. ఒక కొసకు గుర్తు పెట్టి, నిర్దిష్టమైన అక్షరాల దగ్గర తెంపే రసాయనాలతో ముక్కలు చేసి, విద్యుత్తుతో వాటిని పొడవును బట్టి వరుసలో నిలబెట్టి చదవడం. అదే కాలంలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ వేరే పద్ధతి కనిపెట్టారు. 1980లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో సగం పాల్ బెర్గ్‌కు, మిగిలిన సగం వీరిద్దరికీ ఇచ్చారు. అంతకు ముందు ఏడాదే, 1979లో, సలాంగారికి ఫిజిక్సులో నోబెల్ వచ్చింది. ఒక ఏడాది గురువుకు, మరుసటి ఏడాది శిష్యునికి, అదీ వేరే శాస్త్రంలో!

చదవడం సులువైతే మరో కష్టం వచ్చింది. అక్షరాలు గుట్టలుగా పడ్డాయి. వాటిని దాచేదెవరు, పోల్చేదెవరు? ఇక్కడ కంప్యూటరు ప్రవేశించింది, దానితోపాటు లెక్కలు తెలిసినవాళ్ళూ ప్రవేశించారు. క్వాంటం రసాయన శాస్త్రం చదివిన మార్గరెట్ డేహాఫ్ అనే మహిళ 1965లోనే 65 ప్రోటీన్ల వివరాలతో ఒక సంకలనం వెలువరించారు. లాస్ అలమోస్‌లో పనిచేసిన ఫిజిక్సు శాస్త్రజ్ఞుడు వాల్టర్ గోడ్ 1979లో డి.ఎన్.ఏ. అక్షరాల భాండాగారం మొదలుపెట్టారు. 1982లో అది 'జెన్‌బ్యాంక్' అయింది. ఫిజిక్సు చదివిన టెంపుల్ స్మిత్, గణితజ్ఞుడు మైకేల్ వాటర్‌మన్ 1981లో రెండు వరుసలలోని పోలికలను పట్టే అల్గారిథమ్ ఇచ్చారు. అల్గారిథమ్ అనే మాటే 9వ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. ఊరికే గర్వపడటానికి ఈ మాట చెప్పడం లేదు. పేరు మనది, పని మనది కాకుండా పోకూడదని చెబుతున్నాను.

గిల్బర్టు ఇంకా ముందుకు వెళ్ళారు. మనిషి జన్యు గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. అక్షరానికి ఒక డాలరు చొప్పున 300 కోట్ల డాలర్లతో మొత్తం చదవవచ్చునని 1986లో ఆయన వాదించారు. చాలామంది జీవశాస్త్రజ్ఞులు ఇది డబ్బు దండగ అన్నారు. 1990లో పని మొదలై 2003లో ముగిసింది. మిగిలిన ఖాళీలను చాలావరకు 2022 నాటికి పూడ్చారు. 1991లో ఆయన ఒక వ్యాసం రాస్తూ, ఇకమీదట జీవశాస్త్రజ్ఞుడు ముందు కంప్యూటరులో ఉన్న జన్యువులను చూసి ఊహ కట్టి, ఆ తర్వాతే ప్రయోగశాలకు వెళతాడని జోస్యం చెప్పారు. అది ఇవాళ నిత్యకృత్యమైంది. కాగితం మీద మొదలైన మనిషి, ప్రయోగశాలలోకి వెళ్ళి, చివరికి మళ్ళీ లెక్కకే వచ్చారు. చదివినదేదీ వృథా పోలేదు.

మన దేశంలో ఇలాంటివారు లేరా? ఉన్నారు. సర్ సి.వి. రామన్ శిష్యుడు, ఫిజిక్సు ప్రొఫెసరు జి.ఎన్. రామచంద్రన్ 1963లో మద్రాసు నుంచి ఇచ్చిన పటం ప్రోటీన్ల ఆకృతి సరైనదా కాదా అని తేల్చడానికి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఇక తలుపు తీసినవారి మాట. ఫిజిక్సు శాస్త్రజ్ఞుడు హోమీ భాభా బొంబాయిలోని తన సంస్థలో 1962లో జీవశాస్త్ర విభాగానికి చోటిచ్చారు. ఆ విభాగాన్ని నిలబెట్టినవారు అలీగఢ్‌లో చదువుకున్న ఒబైద్ సిద్దీఖీగారు. తర్వాత బెంగుళూరులో జాతీయ జీవశాస్త్ర కేంద్రాన్ని స్థాపించినదీ ఆయనే. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. ఇవి మన గుమ్మంలోనే ఉన్నాయి, చూడాలంటే ఓడ ఎక్కనక్కరలేదు.

"ఇదంతా పెద్ద పెద్ద వాళ్ళ కథ, మనకెందుకు?" అంటారేమో. మన ఇంటి లెక్కే ఒకటి చెబుతాను. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు మనలో మామూలే. మేనరికం తెలుగు దేశంలో అన్ని మతాలవారిలోనూ ఉన్నది. అటువంటి జంటకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. థలసీమియా వంటి జబ్బు దోషం తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు దాగి ఉంటే వారికి ఏ బాధా తెలియదు. కాని ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. షరీఅత్ అనుమతించిన సంబంధాన్ని నేను తప్పు పట్టడం లేదు. సంబంధం ఖాయం చేసేముందు రక్త పరీక్ష చేయించండి, ఇంట్లో ఇదివరకే అలాంటి బిడ్డ ఉంటే డాక్టరు సలహా మీద జన్యు పరీక్ష చేయించండి అంటున్నాను. ఈ లెక్క మన భాషలో, మన వరండాలో కూర్చుని విడమర్చి చెప్పగల అమ్మాయి మన ఇంట్లోనే ఉంటే ఎంత మేలు!

ఒక నిజం దాచకూడదు. గిల్బర్టు తండ్రి హార్వర్డులో పనిచేసిన ఆర్థికశాస్త్రవేత్త. స్నేహితుడు వాట్సన్. దారి మార్చుకున్నా ఆయనకు జీతం ఆగలేదు. మన పిల్లలకు అలాంటి స్నేహితులూ లేరు, అలాంటి వెసులుబాటూ లేదు. చిన్న ఊళ్ళో ఎం.ఎస్సీ. చదివే పిల్ల ఒక ఏడాది వెనకబడితే పెళ్ళి మాట మొదలవుతుంది, పిల్లవాడైతే దుకాణంలో కూర్చోబెడతారు. కాబట్టి "ధైర్యంగా దారి మార్చుకోండి" అని వాళ్ళకు ఉపదేశం చేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఆ ధైర్యానికి వెనక ఎవరైనా నిలబడాలి.

అందుకే కార్యవర్గానికి మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, మన స్కాలర్‌షిప్పు నిబంధనల్లో కోర్సు మారితే సహాయం ఆగిపోతుందని ఉంది. మార్కులు బాగుండి, సరైన కారణం చూపిన విద్యార్థికి దాన్ని సడలించండి. ఝంగ్ కుర్రవాణ్ణి కేంబ్రిడ్జి దాకా పంపినది కూడా ఇలాంటి నిధే, మరొక పనికోసం పోగైన డబ్బే. నిబంధన పిల్లవాడి కోసం గాని, పిల్లవాడు నిబంధన కోసం కాదు. రెండవది, ఏటా ఒకసారి మన విద్యార్థులను హైదరాబాదులోని పరిశోధనాలయాలను చూడటానికి తీసుకువెళ్ళండి. చూసినదాన్నే పిల్లలు కోరుకుంటారు. మూడవది తల్లిదండ్రులకు. ఏ కోర్సైనా సరే, గణితం వదిలిపెట్టనీయకండి. ఫిజిక్సు నుంచి బయాలజీకి వెళ్ళే వంతెన అదే. వంతెన లేనివాడికి వాగు దాటాలన్న కోరిక ఉన్నా ప్రయోజనం ఉండదు.

మొదటి వహీ చదువమన్న ఆజ్ఞతో వచ్చిందని మనందరికీ తెలుసు. ఫలానా సబ్జెక్టుతో ఆగిపొమ్మని అందులో లేదు. అల్లాహ్ మన పిల్లలకు నలుగురికీ ఉపయోగపడే జ్ఞానాన్నీ, మనకు వాళ్ళ వెనక నిలబడే ఓర్పునూ ప్రసాదించుగాక. ఆమీన్.