మన కొండకి వచ్చేవాళ్లకి నియమాలు మన గ్రామసభే రాయాలి

(ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవంబరు వచ్చిందంటే అరకు, పాడేరు, చింతపల్లి దారులు ఎట్లా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. వలిసె పూలు పూస్తాయి. లంబసింగిలో మంచు దిగుతుంది. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి తెల్లారకముందే కార్లు బారులు తీరతాయి. కొండ కింద దాకా ఏసీ బస్సులొస్తాయి. అదే కొండ వెనకాల ఊళ్లో ఆడబిడ్డకి నొప్పులొస్తే ఇప్పటికీ డోలీ కట్టి మోసే చోట్లున్నాయి.

ప్రతి రిసార్టులోనూ గోడ మీద నియమాల బోర్డు ఉంటుంది. గది ఎన్ని గంటలకి ఖాళీ చెయ్యాలి, పాట ఎంతసేపు పెట్టుకోవచ్చు, తువ్వాలు పోతే ఎంత కట్టాలి. అందులో మన ఊరి పేరు ఉండదు. మనం తాగే ఊట సంగతి ఉండదు. ఏ గెడ్డ ఏ నెలలో ఉబుకుతుందో ఉండదు. అది తెలిసింది మనకి. రాసేది ఇంకొకళ్లు. ఈరోజు నేను మీతో చెప్పదలుచుకున్నది ఇదే: ఆ నియమాలు మన గ్రామసభ రాయాలి. రాసే హక్కు మనకుంది. రాయకపోతే ప్రాణాలు పోయేది వాళ్లవీ, బతుకు చెడేది మనదీ.

ముందు ప్రాణాల సంగతి చూద్దాం.

2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగి వెళ్తున్న టూరిస్టు బస్సు అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా నీరు పెరిగి ముగ్గురు మెడికల్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు మన శత్రువులు కాదు. ఎవరో కన్న పిల్లలు. దారి తెలిసినవాళ్లు ఒక మాట చెప్పుంటే బతికేవాళ్లేమో. ఆ మాట చెప్పగలిగింది మనమే. అందుకే మన బోర్డు మీద మొదట ఇవి ఉండాలి.

ఘాట్ రోడ్డు చీకటి పడకముందే దిగెయ్యండి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు కూడా ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే అది వేడెక్కి పట్టదు. ఎక్కే బండికి దారివ్వండి. మలుపు దగ్గర సెల్ఫీకి బండి ఆపకండి. మంచులో పెద్ద లైటు వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మీ కళ్లల్లోనే పడుతుంది. చిన్న లైటు వేసి నెమ్మదిగా వెళ్లండి.

గెడ్డలో దిగేముందు పై కొండ చూడండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన వాన పడితే నీళ్లు నిమిషాల్లో వచ్చేస్తాయి. నీళ్లు బురద రంగులోకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. చాపరాయి లాంటి చోట బండ చూడ్డానికి చదునుగా ఉంటుంది, దాని మీద నాచు ఉంటుంది. తాగి నీళ్లలో దిగకండి.

లంబసింగి చలి సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. చలికి ఓర్వలేక టెంటులోకో, తలుపులు మూసిన గదిలోకో బొగ్గుల కుంపటి తీసుకెళ్లకండి. ఆ పొగలో విషవాయువు వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమతెర కట్టుకుని పడుకోండి. ఇంటికెళ్లాక జ్వరమొస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి. పెద్ద తేనెపట్టు కనిపిస్తే రాయి వెయ్యకండి, దాని కింద పొగ పెట్టకండి. ఫోను సిగ్నలు అన్ని చోట్లా ఉండదు కాబట్టి ఎక్కడికెళ్తున్నారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఇవన్నీ మీ తాతలకి తెలిసినవే. రాతలో పెట్టడమే మన పని.

ఇక రెండోది, మన బతుకు సంగతి.

మన ఊరు జూ కాదు. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ ముక్కు కమ్మీలూ, చేతుల మీది పచ్చబొట్లూ చూసి ఫోను తీసి మొహం మీద పెడతారు. అడగరు. ఆ ఫొటో ఎక్కడెక్కడో తిరుగుతుంది, కింద ఏవేవో రాతలు. కాబట్టి నియమం: అడగకుండా ఫొటో లేదు, వద్దంటే వద్దు. పిల్లలని ఫొటో తియ్యాలంటే అమ్మానాన్నలని అడగాలి. గెడ్డలో స్నానం చేసే ఆడవాళ్లని చాటుగా తియ్యడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారి శిక్ష పడితేనే ఏడాదికి తగ్గకుండా జైలు. ఈ ముక్క బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి.

వలిసె చేను సినిమా సెట్టు కాదు. ఆ గింజ మీద ఒక కుటుంబం ఏడాది నూనె, అప్పు తీర్చే డబ్బు ఉంటాయి. చేలో దిగి తొక్కితే పోయిన గింజ మళ్లీ రాదు. గట్టు మీద నిలబడి తీసుకోవాలి, రైతుని అడిగి తీసుకోవాలి, రైతు అడిగిన డబ్బు ఇవ్వాలి. కాఫీ పళ్లూ, మిరియాల తీగా అంతే.

గ్రామదేవత చోటు ఏ ఊళ్లో ఎక్కడుందో, ఏ పేరుతో కొలుస్తారో మీకు తెలుసు. బయటవాళ్లకి అది ఉత్త రాయిలాగా కనిపిస్తుంది, ఎక్కి కూర్చుంటారు. చెప్పులతో రాకూడదా, అసలు రాకూడదా, ఎప్పుడు రావచ్చు అన్నది పూజారినీ పెద్దలనీ అడిగి రాయండి. ఇటుకల పండగ రోజుల్లో మన ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి పజోరు అడుగుతారు. అది దోపిడీ కాదు, ఆచారం. రెండు ముక్కల్లో బోర్డు మీద చెప్తే కొత్తవాళ్లు భయపడరు, గొడవ పడరు.

థింసా మన పండగది, పెళ్లిది. రిసార్టు మంట చుట్టూ రాత్రి పదకొండింటికి ఆడించి, ఆడినవాళ్లకి చిల్లర చేతిలో పెట్టే పద్ధతి ఆగాలి. ఆడతారా లేదా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఆడితే ఎంత, ఎంతసేపు అన్నది ముందే తేలాలి. డబ్బు నేరుగా వాళ్ల చేతికే రావాలి.

సీసా పగలగొడితే తెల్లారి దాని మీద కాలు పెట్టేది చెప్పుల్లేని మన పిల్లాడు. పాలిథిన్ సంచి పారేస్తే తినేది మన ఆవు. ఊట దగ్గర సబ్బు రుద్దితే తాగేది కింద ఊరు. తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి. పిల్లలకి చాక్లెట్లూ పది రూపాయలూ పంచి వాళ్లకి చెయ్యి చాపడం నేర్పొద్దు. ఇవ్వాలనుంటే మా సంతలో కొనండి. రాజ్మా, మిరియాలు, పసుపు, తేనె ఉన్నాయి. బేరమాడకుండా కొంటే అదే సాయం.

ఇవి రాసే హక్కు మీకెవరిచ్చారని అడుగుతారు. జవాబు నోటికి రావాలి. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకి తన ఆచారాలనీ, సాంస్కృతిక గుర్తింపునీ, ఉమ్మడి వనరులనీ కాపాడుకునే సామర్థ్యం ఉందని చెప్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 2011లో రూల్సు కూడా వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 అడవినీ, నీటి వనరులనీ, మన సాంస్కృతిక వారసత్వాన్నీ కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది.

భూమి విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి అమ్మినా, దానమిచ్చినా చెల్లదు. లీజు కూడా బదిలీయే. "నీ పేరు మీదే ఉంటుంది తమ్ముడూ, సంతకం పెట్టు చాలు, నెలనెలా డబ్బులిస్తాం" అని టెంట్ల కోసం వచ్చేవాడి మాట ఇక్కడ పెట్టి చూసుకోండి. మన బొర్రా చుట్టుపక్కల ఊళ్ల గనుల లీజుల మీద పోరాడితేనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం కూడా తన భూమిని ఇక్కడ గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని చెప్పింది. అప్పుడు గనుల పేరుతో వచ్చారు. ఇప్పుడు వ్యూ పాయింటు పేరుతో వస్తున్నారు.

మరి ఏం చెయ్యాలి? ఊరికెళ్లి గ్రామసభ పెట్టించండి. ఆడవాళ్లు తప్పకుండా కూర్చోవాలి, ఎందుకంటే నీళ్ల దగ్గరా కట్టెల దగ్గరా టూరిస్టులతో ఇబ్బంది పడేది వాళ్లే. పది నియమాలు చాలు. తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి, కాపీ ఎంపీడీవోకీ ఐటీడీఏకీ పోలీసు స్టేషనుకీ ఇచ్చి రసీదు తీసుకోండి. బోర్డు తెలుగులో రాయండి, మన కువి, ఆదివాసీ ఒడియా మాటలు కూడా పెట్టండి. అడుగున 108, 112 నంబర్లు రాయండి. పార్కింగు రుసుము పెట్టాలనుకుంటే తీర్మానంతోనే పెట్టండి. రసీదివ్వండి, లెక్క సభలో చదవండి.

ఒక హెచ్చరిక మనకి కూడా. నియమం ఊరిది, నలుగురు కుర్రాళ్లది కాదు. దారికి అడ్డంపడి తాగుడుకి డబ్బులు గుంజితే, ఆడపిల్లలతో వచ్చినవాళ్లని బెదిరిస్తే, ఆ రోజుతో మన బోర్డుకి విలువ పోతుంది. గౌరవంగా చెప్పండి. వినకపోతే సభ పేరు చెప్పండి. అప్పటికీ వినకపోతే ఫిర్యాదు రాయండి.

వచ్చినవాళ్లకి చోడి అంబలి పోసి కూర్చోబెట్టే జాతి మనది. రావద్దని మనం అనట్లేదు. వచ్చేవాళ్లు క్షేమంగా తిరిగెళ్లాలి, వాళ్లు వెళ్లాక కూడా ఈ కొండ మనదిగానే ఉండాలి. వచ్చే సీజను లోపల మీ ఊరి బోర్డు నిలబెట్టండి.

జై ఆదివాసీ!