కారచేపలు: మన కడలి మూలధనము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యనుగూర్చియు, సంఘనిధినిగూర్చియు పెద్దలు ఈ సభలో విపులముగా ప్రసంగించియున్నారు. నేను మిక్కిలి చిన్న ప్రాణినిగూర్చి నాలుగు మాటలు విన్నవింప లేచితిని. అది కారచేప. మన తీరమున దీని నెరుగని బాలుడు లేడు. ఆకువలె పలుచనై, వెండిరేకువలె తళతళలాడుచు, చేత పట్టినంతనే జిగురుచే జారిపోవునట్టిది. చిన్న కారలు కుప్పలుగా వచ్చినపుడు రేవులయందలి వర్తకులు వానిని ‘చెత్తచేప’ యని పిలుచుచున్నారు. ఆ మాట తగునా యని విచారించుటయే నా ప్రసంగమునకు ప్రయోజనము.

అమరసింహుడు తన కోశమున వారివర్గమునందు మత్స్యమునకు పర్యాయపదములు పెక్కు చెప్పి, శఫరి యను చిన్న చేపనుగూడ పేర్కొనెను. కాళిదాసు మేఘసందేశమున గంభీరానది చూపులను ఎగిరిపడు శఫరములతో పోల్చెను. కాని శఫరి మంచినీటి చేప. మన కడలిలోని చిన్న వెండిచేపలను వేరువేరుగా గుర్తించి, ఇవి కారలు, ఇవి నెత్తళ్లు, ఇవి కవళ్లు అని పేరులు పెట్టినవారు కోశకారులు కారు. వల చేతబట్టిన మన పూర్వులు.

ఆ పేరులు సామాన్యమైనవి కావు. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున రెండువందల చేపలను సేకరించి, బొమ్మలతో సహా ఒక గ్రంథమును 1803లో లండనునందు ప్రకటించెను. ఆయన మన జాలరుల నోట వినిన తెలుగు పేరులనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. అందు కారజాతి చేపలును కలవు. మనము కానాగుర్త యని పిలుచు చేపకు ప్రపంచశాస్త్రజ్ఞు లందరు నేటికిని ‘రాస్ట్రెల్లిగెర్ కనగుర్తా’ అనియే వ్యవహరించుచున్నారు. అక్షరము నేర్వని తాత పలికిన పలుకు శాస్త్రమున నిలిచినది. అట్టి కులమున పుట్టిన మనము, మన తాతలు పేరుపెట్టి పిలిచిన చేపను చెత్త యనుట తగదు.

ఇక దాని ప్రకృతిని చూతము. కారచేప తన నోటిని గొట్టమువలె ముందునకు చాచి చిన్న చిన్న జలజీవులను పీల్చుకొనును. ఇంతకన్న వింత మరియొకటి కలదు. దాని గొంతుకచుట్టును ఉంగరమువంటి అవయవ మున్నది. అందు వెలుగునిచ్చు సూక్ష్మజీవులు కాపురముండును. శాస్త్రజ్ఞులు 1967లో ఈ సూక్ష్మజీవిని వర్ణించి, కారజాతి శాస్త్రనామమునుబట్టియే దానికి పేరిడిరి. ఆ వెలుగు చేప లోపలి గాలితిత్తిపై పడి, ప్రతిఫలించి, పొట్టక్రిందుగా వ్యాపించును. పైనుండి వచ్చు వెలుతురుతో పొట్టవెలుగు కలిసిపోవుటచే, క్రిందనుండి చూచు శత్రువునకు చేప నీడ కనబడదు. చేప సూక్ష్మజీవికి ఇల్లును ఆహారము నిచ్చును. సూక్ష్మజీవి చేపకు రక్షణ నిచ్చును. పరస్పరోపకారమునకు ఇంతకన్న మంచి దృష్టాంతము సంఘమునకు వేరొకటి కావలయునా?

ఇట్టి చిన్న చేపలను తిని పెద్ద చేపలు పెరుగును. వంజరమునకు ధర పలుకుటయు, సావళ్లతో పడవ నిండుటయు, క్రింద చిన్న చేప యున్నప్పుడే. అంతియేకాదు, ఎండబెట్టిన కారలు పేదవాని గంజికి తోడు. చిన్న చేపలను ముల్లుతోకూడ నమలి తినినచో ఎముకలకు బలమిచ్చు సున్నము లభించును. వీనిని ఎండబెట్టి, గంపకెత్తి, ఊరూర అమ్మి పిల్లలను చదివించిన తల్లు లెందరో ఈ సభలోనే కూర్చుండియున్నారు.

ఇప్పుడు జరుగుచున్న దేమి? సన్నకన్ను వలలు కడలి యడుగును ఊడ్చి, గ్రుడ్డు పెట్టని పిల్లచేపలనుగూడ తెచ్చుచున్నవి. తినదగిన చేప చేపలపొడి మిల్లునకు పోయి కోళ్లకును రొయ్యలకును మేతయగుచున్నది. విత్తనమును దంచి తినిన రైతునకు మరుసటి యేట పంట యుండునా? ఆంధ్రప్రదేశమున 1994వ సంవత్సరపు చట్టము నాటుపడవల మేలుకొరకు తీరమునుండి 8 కిలోమీటర్ల లోపల మరపడవల వేటను నిషేధించినది. తూర్పుతీరమున వేటవిరామము 2015లో 61 దినములకు పెంచబడినది; ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. అయినను, విరామమున పెరిగిన పిల్లచేపను విరామము ముగిసిన దినముననే సన్నవలతో ఊడ్చినచో, ఆ 61 దినముల పస్తులు ఎవరికొరకు?

కావున మూడు విన్నపములు. కులపెద్దలు ఊరూర కూర్చుండి సన్నకన్ను వలను మానుటకు కట్టుబాటు చేయవలెను. మరబోట్ల యజమానులలో మనవారును కలరు గనుక ఈ కట్టుబాటు ముందు మన యింటనే మొదలుకావలెను. దాతలు మన స్త్రీలకు చేపలెండబెట్టుటకు ఎత్తైన పందిళ్లు వేయించవలెను. ఇసుక యంటని ఎండుచేపకు మంచి ధర వచ్చినచో దానిని మిల్లున కమ్మవలసిన పని తగ్గును. తలిదండ్రులు తమ బిడ్డలకు, వారు ఏ కొలువున చేరినను, మన చేపల పేరులు నేర్పవలెను.

చిన్నవానిని చిన్నచూపు చూచిన సంఘము నిలువదు. చిన్న చేపను చిన్నచూపు చూచిన కడలియు నిండదు. ఈ సంగతి మీ మనస్సుల నుంచుకొందురుగాక యని ప్రార్థించుచున్నాను.