మన పెద్దల మతి పరీక్ష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము రైల్వేలో గుమాస్తాలము; చదువు మెట్రిక్‌తో ఆగినది. వైద్యమును గురించి చెప్పగలవారము కాము. మా ఇంట జరిగినది మాత్రము మనవి చేస్తాము.

మా పెద్దమ్మది తెనాలి. పెదనాన్నగారు పోయిన తరువాత ఆమెను బళ్ళారికి తెచ్చుకొన్నాము. పగలు ఇంట కనిపెట్టుకొని ఉండేవారు లేక ఒక వృద్ధాశ్రమములో చేర్చాము. చేరిననాడు మతి పరీక్ష చేశారు. "ఈగ యావ తింగళు?" అని అడిగారు. ఇప్పుడు ఏ నెల అని కన్నడములో దాని అర్థము. పెద్దమ్మకు కన్నడము రాదు, చెవి కూడ మందము. ఈగ ఎక్కడున్నదా అని చుట్టూ చూచినది. 'తింగరి' అన్నారనుకొని ముఖము త్రిప్పుకొన్నది. "మతి స్థిమితము లేదు" అని వ్రాశారు. దినమంతా కాగితాలతో బ్రతికే మేము ఆ కాగితమును చదువకుండానే సంతకము పెట్టాము.

ఎనిమిది నెలలు ఆ మాటే చెల్లినది. అన్నము తినకపోయినా, నిద్రపోకపోయినా "మతి లేదు గదా" అని ఊరుకొన్నారు. మేమూ ఊరుకొన్నాము. చివరకు ఒక మానసిక వైద్యునికి చూపించాము. ఆయన ముందు చెవికి వైద్యము చేయించి, ఆ తరువాత తెలుగులో అడిగించారు. "మాఘం వెళ్ళి వారమైంది, ఆ మాత్రం తెలియదూ?" అన్నది. మతి చక్కగానే ఉన్నది. ఉన్న జబ్బు వేరు, పెదనాన్నగారు పోయిననాటి దిగులు. దానికి మందున్నది, ఎనిమిది నెలలు ఎవరమూ ఇప్పించలేదు.

దిగులు, చెవుడు, థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము ఇవన్నీ పెద్దవారిలో మతిమరుపువలె కనబడగలవు. హఠాత్తుగా మతి తప్పినచో మూత్రములో ఇన్‌ఫెక్షన్ కూడ కారణము కావచ్చును. రైలుపెట్టె చక్రమును ఒకనాడు చూచి ఏడాదంతా వదలిపెట్టము గదా! అమెరికాలో 1987 చట్టముతో నర్సింగ్ హోములో చేర్చుకొనుటకు ముందే మానసిక పరీక్ష పెట్టారు. ఏటేటా మళ్ళీ చూడవలెనన్న నిబంధనను 1996లో తీసివేసి, మనిషి స్థితిలో పెద్ద మార్పు వచ్చినపుడు చూడవలెనన్నారు.

అంత దూరము పోనక్కరలేదు. 1985లో బెంగుళూరు నిమ్హాన్స్‌వారు మన బళ్ళారి జిల్లాలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకూ, ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి మానసిక వైద్యమును పల్లెలకు తెచ్చారు. ఆ నమూనా మీదనే 1996లో దేశములో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. బళ్ళారి పేరు ఇనుపరాతికే కాదు!

సంఘమునకు మా కోరిక ఒక్కటే. ఆశ్రమములలో మనవారికి పరీక్ష జరుగునాడు రెండు భాషలూ తెలిసినవారు ఒకరు ప్రక్కన కూర్చుండవలెను. ప్రశ్నను తెలుగులో చెప్పుటే పని, జవాబు అందించుట కాదు. మాకు ఆదివారములు సెలవు. కార్యదర్శిగారు మా పేరు మొదట వ్రాసుకొందురుగాక.