ఉప్పుచెమట బిడ్డలు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థివేతనములు, వసతిగృహము, కల్యాణమండపపు లెక్కలు చర్చించుటకై కూడిన యీ సభయందు ఒక రోగమునుగూర్చి మాటలాడుట కొందరికి వింతగా దోపవచ్చును. కాని మేము చెప్పబోవు రోగము పెండ్లిపందిటిలో మనకు దెలియకయే ప్రవేశించునది. సంబంధములు కుదుర్చుట మన సంఘము పనులలో మొదటిది గనుక దీనిని ఇచ్చట చెప్పక మరెచ్చట చెప్పవలెను?

నాగావళి యొడ్డున మాకు మిక్కిలి తెలిసిన కుటుంబ మొకటి గలదు. అందు మేనమామ తన యక్క కూతురిని పెండ్లాడెను. తొలిబిడ్డ యేడాది నిండకయే దగ్గుతో పోయెను. బాలారిష్టమనిరి. రెండవవాడు ఎంత తిన్నను ఒడలు పట్టడు, విరేచనము నూనెజిడ్డుతో దుర్గంధముగా నుండును, దగ్గు విడువదు. క్షయయని తలచి రెండుమారులు ఆరేసి నెలలు మందు మ్రింగించిరి. ఇంతలో ఇంటిలో మాట పుట్టెను: కోడలి జాతకదోషమని. ఆ కోడలు ఆ యింటి యాడపడుచు కూతురే యను సంగతి అప్పుడెవ్వరికిని స్ఫురింపలేదు. బిడ్డ అమ్మమ్మ మాత్రము వచ్చినవారి నెల్ల ఒకటే యడుగుచుండెను: "ఈ గుంటడి నుదురు ముద్దెట్టుకుంటే ఉప్పుకల్లు నాకినట్టుంటాదేటి?" మూడేండ్లు ఆమె మాట నెవ్వరును లెక్కచేయలేదు. తుదకొక చిన్నవయసు వైద్యుడు దానిని విని, తాను గూడ బిడ్డ చేతిని నాలుకతో తాకి చూచి, చెమటపరీక్షకు పంపెను. రోగము సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలెను.

అమ్మమ్మ కనిపెట్టినది వైద్యశాస్త్రమునకు చాల ఆలస్యముగా తెలిసినది. 1938లో న్యూయార్కునందు డొరోతీ ఆండర్సన్ అను వైద్యురాలు క్లోమమునందలి మార్పులనుబట్టి ఈ రోగమును ప్రత్యేకముగా వర్ణించెను. 1948 వేసవిలో ఆ నగరమున ఎండ దుస్సహము కాగా, సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పసివారిలో ఈ రోగమువారు హెచ్చుగా నుండుట వైద్యులు గమనించిరి. దానిపై డి సాంట్ ఆనెస్ అను నతడు శోధించి, వీరి చెమటలో ఉప్పు అధికమని 1953లో ప్రకటించెను. 1959లో గిబ్సన్, కుక్ అనువారు చెమటను సేకరించు సులభమార్గమును కనిపెట్టిరి. నేటికిని అదియే ప్రధానమైన పరీక్ష. ఇది ఐరోపావారి రోగమని చాలకాలము తలపబడినది. 1968లో చండీగఢ్ వైద్యులు మనదేశపు బిడ్డయందు దీనిని చూచి ప్రకటించిరి.

కారణమైన జన్యువు 1989లో దొరకెను. అది ఏడవ క్రోమోజోముపై నున్నది. ఆ జన్యువు నిర్మించు మాంసకృత్తు కణపు గోడయందు ఒక తూమువలె నిలిచి క్లోరైడును రాకపోకలు చేయించును. చెరువున్న యూరివారికి తూము సంగతి మేము వివరింపనక్కరలేదు. తూము చెడినచో ఒకచోట పొలమెండును, మరియొకచోట నీరు కుళ్ళును. చెమటగ్రంథిలో ఉప్పు లోనికి మరలక బయటికి పోవును. ఊపిరితిత్తులలో తేమ తగ్గి కఫము జిగురై నాళములను పూడ్చును. క్లోమరసము ప్రేవులకు చేరదు. కావున తిన్న క్రొవ్వు జీర్ణము కాదు.

ఇంతవరకు పాతకథ. మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది దీని తరువాతిది. 1882లో మెచ్నికోవ్ అను రష్యాదేశపు పండితుడు మెస్సినా సముద్రతీరమున నక్షత్రమత్స్యపు పిల్లలో ముల్లు గ్రుచ్చి, మరునాడు చూడగా, సంచరించు కణములు ఆ ముల్లును చుట్టుముట్టి యుండెను. దేహమునకు తనవైన భక్షకకణములు గలవని అట్లు తెలిసెను. ఆయనకు 1908లో నోబెల్ బహుమానము లభించెను. మన రక్తమునందు అట్టివారిలో ముఖ్యులు న్యూట్రోఫిల్ అను తెల్లకణములు. ఎముకలలోని మూలుగ వీనిని దినమునకు సుమారు పదివేల కోట్లు తయారుచేయును. ఇవి సూక్ష్మజీవిని మ్రింగి, లోపల చిన్నసంచిలో బంధించి, క్లోరైడును ఉపయోగించి, బట్టలు తెలుపుచేయు ద్రవము వంటి ఘాటైన యామ్లమును పుట్టించి చంపును.

శ్రోతలు ఇప్పటికే గ్రహించియుందురు. ఆ సంచికి క్లోరైడు నందించు మార్గములలో పైని చెప్పిన తూము ఒకటి. తూము చెడినవాని న్యూట్రోఫిలు శత్రువును మ్రింగును గాని చంపుటలో వెనుకబడును. మాక్రోఫేజులను పెద్ద భక్షకకణములును కొన్ని సూక్ష్మజీవులను చంపలేకపోవుట ప్రయోగములలో కనబడినది. కావున ఈ రోగము కేవలము కఫము చిక్కబడుటవలననే కలుగునది కాదు. కాపలాకణముల లోపలనే లోపము గలదు.

అట్లని వీరి యూపిరితిత్తులలో కణములు కొరవడునా? కొరవడవు. అవసరమునకు మించి వచ్చి పడును. స్టాఫిలోకాకస్, తరువాత సూడోమోనాస్ అను సూక్ష్మజీవులు కఫములో కాపురము పెట్టగా, న్యూట్రోఫిలులు గుంపులుగా వచ్చి, గెలువలేక, అక్కడనే చచ్చును. చచ్చునపుడు ఎలాస్టేజ్ అను జీర్ణరసమును విడుచును. అది శత్రువుకంటె మన శ్వాసనాళముల గోడలనే యెక్కువగా కొరుకును. ఇతర భక్షకకణములు శత్రువును గుర్తించుటకు వాడు గుర్తులను గూడ తెగకోయును. చచ్చిన కణముల డీఎన్‌ఏ దారములవలె కఫములో చిక్కి దానిని మరింత జిగురు చేయును. దొంగను పట్టుటకు వచ్చిన దండు పంటచేనును త్రొక్కి, అక్కడనే గుడారములు వేసికొని పోకున్న యెట్లుండునో యట్లుండును. 1993లో అనుమతి పొందిన డోర్నేజ్ అను పీల్చుమందు ఆ డీఎన్‌ఏ దారములనే తెగకోయును.

సముద్రపుటలలపై పలకలతో క్రీడించు ఆస్ట్రేలియా రోగులకు శ్వాస సుళువుగా నుండుట గమనించి అక్కడి వైద్యులు ఉప్పునీటి ఆవిరిపై పరిశోధించిరి. దాని ఫలితములు 2006లో ప్రకటింపబడెను. ఇది విని భీమిలికిగాని కళింగపట్టణమునకుగాని బిడ్డను గొనిపోయి ముంచవలదు. శుద్ధిచేసిన గాఢమైన ఉప్పునీటిని యంత్రముతో పీల్పించుట వేరు.

2019లో అమెరికాలో మూడుమందుల కూర్పొకటి అనుమతి పొందెను. అది చెడిన తూమునే సరిదిద్దును. కఫములో ఎలాస్టేజ్ తగ్గును, కాని మంట పూర్తిగా చల్లారదు. వెల యేడాదికి మూడులక్షల డాలర్లకు పైమాట. పైగా అది ముఖ్యముగా ఒక దోషమునకై నిర్మింపబడినది. ఉత్తర ఐరోపావారి దోషజన్యువులలో నూటికి సుమారు డెబ్బది ఆ జాతివే. మనదేశపు రోగులలో అది చాల తక్కువ. మన ప్రభుత్వము 2021లో ప్రకటించిన అరుదైన రోగముల విధానములో ఈ తూముమందుల ప్రస్తావన గలదు. హైదరాబాదులోని నిమ్స్ అట్టి కేంద్రములలో ఒకటి.

ఇక అసలు సంగతి. ఈ రోగము పుట్టుటకు తల్లియొద్దనుండి ఒకటి, తండ్రియొద్దనుండి ఒకటి, రెండు దోషజన్యువులు కావలెను. ఒకటి మాత్రమే యున్నవాడు ఆరోగ్యవంతుడై తిరుగును. వానికిని తెలియదు, వాని కుటుంబమునకును తెలియదు. తాతకు అట్టి దోష మొకటి యున్నదనుకొందము. మేనత్తకొడుకు మేనమామకూతురిని చేసికొన్నచో, ఆ ఒక్క దోషము రెండువైపులనుండి వచ్చి వారి బిడ్డలో కలియుట అరువదినాలుగింట ఒకపాలు. మేనమామయే మేనకోడలిని చేసికొన్నచో ముప్పదిరెండింట ఒకపాలు. బయటి సంబంధమైనచో ఆ యవకాశము మిక్కిలి స్వల్పమగును. ఆంధ్రదేశమున వివాహములలో ఇప్పటికిని సుమారు నాలుగవవంతు రక్తసంబంధీకుల నడుమ జరుగుచున్నవని జాతీయ కుటుంబారోగ్య సర్వేలు చెప్పుచున్నవి. ఆస్తి చెదరదని, పిల్ల కంటియెదుట నుండునని మన పెద్దలు మేనరికము చేసిరి. ఆ కారణములు అల్పములని మేమనము. కాని ముప్పదిరెండింట ఒకపాలు గూడ అల్పము కాదు.

ఇంకొక చేదుమాట. మేనరికము మానినంతమాత్రమున సరిపోదు. తెలుగుదేశపు వైశ్యులు నూరుతరములకు పైగా తమలో తాము వివాహములు చేసికొనుచు వచ్చిరని 2009లో లాల్జీసింగ్, తంగరాజ్, రైక్ మొదలగువారు జన్యుపరీక్షలచే చూపిరి. వారిలో కొందరికి శస్త్రచికిత్సవేళ వాడు ఒకజాతి మందు ప్రమాదకరమగుట వైద్యులకు తెలిసినదే. అది వారి తప్పు కాదు. కొద్ది పూర్వులనుండి వ్యాపించిన ప్రతి కులమునందును ఏదో యొకటి యుండును. మనది వారికంటె చిన్న సమూహము. మనలో ఏది దాగియున్నదో వెదకకున్న తెలియదు.

సంతానము లేని పురుషులనుగూర్చి యొకమాట. ఈ రోగముగల మగవారిలో దాదాపందరికిని వీర్యనాళము లుండవు. దగ్గుగాని జబ్బుగాని లేకయే, ఈ జన్యుదోషమువలన నాళములు మాత్రమే లేనివారును గలరు. అట్టివాని భార్యను గొడ్రాలని నిందించి రెండవ పెండ్లి తలపెట్టుట మన ప్రాంతమున మేము ఎరుగనిది కాదు. ముందు పురుషుని పరీక్షింపుడు.

విజయనగరమున ఆనందగజపతి మహారాజు శుల్కవివాహముల పట్టిక వ్రాయించెననియు, మూడేండ్లలో 1034 పెండ్లిండ్లు లెక్కకు వచ్చెననియు గురజాడవారు కన్యాశుల్క నాటకపు 1897 నాటి పీఠికయందు తెలిపిరి. లెక్క వ్రాసినపిదపనే దాని పరిమాణము లోకమునకు తెలిసెను. మన సంఘముగూడ అట్టి పుస్తకము నొకదానిని ఉంచవలెనని మా ప్రతిపాదన. శైశవమున దగ్గుతో పోయిన బిడ్డలు, ఒడలు పట్టని బిడ్డలు, ఉప్పుచెమట బిడ్డలు, తల్లిదండ్రుల చుట్టరికము: ఈ నాలుగు సంగతులు చాలును. పేర్లు వలదు, అంకెలు మాత్రమే. అది కార్యదర్శి బీరువాలో నుండరాదు. సంబంధములు మాటలాడు మధ్యవర్తులకు చూపరాదు. మన కులపు వైద్యురా లొకరు దానిని తమయొద్ద నుంచుకొనుటకు అంగీకరించిరి.

ఆ నాగావళి యొడ్డు బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. భోజనమునకు ముందు క్లోమరసపు మాత్ర మ్రింగును. తెల్లవారి తల్లి వీపు తట్టి కఫము వదలించును. మన యెండలలో అట్టి బిడ్డలు ఉప్పు కోల్పోయి వాంతులతో నీరసించి ప్రాణముమీదికి తెచ్చుకొనుట మనదేశపు వైద్యులు తరచు చూచుచున్నారు. కావున వైశాఖము వచ్చినప్పటినుండి వాని చోడి అంబలిలో వైద్యుడు చెప్పిన కొలత ప్రకారము ఉప్పు ఎక్కువ వేయుదురు. ఆ కొలత వేయునది అమ్మమ్మయే. వాని చెల్లెలు గర్భమున నుండగనే పరీక్ష జరిగినది. ఆమెకు రోగము లేదు, దోషజన్యువు ఒకటి గలదు. ఆమె పెండ్లినాటికి ఆ సంగతిని ఎదుటివారితో చెప్పవలెనా యని తండ్రి మమ్మడిగెను. చెప్పవలెననియు, వరునికిగూడ పరీక్ష చేయింపవలెననియు మేము చెప్పితిమి. ఆయన మారుపలుకలేదు. మా ప్రతిపాదనను రేపటి తీర్మానములలో చేర్చవలసినదని అధ్యక్షులను కోరుచున్నాము.